ముప్పై రెండు శాతం పైడయ్య

మా ఆఫీసులో గుండెజబ్బు లేదు. ఉన్న ఒక్కటీ నెలలో ఆఖరి పనిదినాన వరండాలో బెంచీ మీద కూర్చునేది. వరండా ఏ సెక్షన్ కిందికీ రాదు.

మాది గోనెసంచుల ప్రమాణాల ప్రాంతీయ కార్యాలయం. సంచి ఎంత పొడవుండాలి, అంగుళానికి ఎన్ని పోగులుండాలి, కుట్టు ఒంటిదా జంటదా అన్నవి మేం చూస్తాం. చుట్టుపక్కల రైస్ మిల్లులన్నీ ప్లాస్టిక్ సంచుల్లోకి మారి ఏళ్లయింది గానీ, ఆ సంగతి మాకింకా రాతపూర్వకంగా అందలేదు.

నా పేరు తవిటినాయుడు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుని. ఆ సెక్షన్ అంటే నేనూ, రెండేళ్లుగా ఖాళీగా ఉన్న సూపరింటెండెంటు కుర్చీ. అందుకని నేను రాసిన కాగితాలు నేరుగా డైరెక్టరు గారికే వెళ్తాయి. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాళ్లలో నేనే మొదటివాణ్ణి కావడంతో అచ్చయిన కాగితమంటే నాకు గౌరవం ఎక్కువ. సర్క్యులర్ వస్తే రెండుసార్లు చదువుతాను. అర్థం కాకపోతే లోపం నాదే అనుకుంటాను.

మా డైరెక్టరు చక్రధరరావు గారు ఆ ఏడాది రాజధానిలో ఒక సదస్సుకు వెళ్లొచ్చారు. ‘గుండెజబ్బుల ముప్పు, చికిత్స, నివారణ: ఇటీవలి పరిశోధనలు’ అన్నది విషయం. ఆ ఆహ్వానం అసలు వైద్యశాఖకు పోవాల్సింది. చిరునామా పొరపాటున మాకొచ్చింది. వచ్చినదాన్ని తిప్పిపంపడం మర్యాద కాదని ఆయన రెండు రోజులూ ముందు వరసలో కూర్చుని విన్నారు. సదస్సులో ఇచ్చిన జనపనార సంచి కుట్టు ప్రమాణాలకు తక్కువగా ఉందని అక్కడే రిమార్కు కూడా రాసిచ్చారు.

వచ్చిన మర్నాడు సిబ్బంది సమావేశం పెట్టారు.

“రాబోయే పదేళ్లలో ఎవరికి గుండెపోటు వచ్చే అవకాశం ఎంత శాతమో ఇప్పుడు ముందే లెక్కకట్టవచ్చు. లెక్కకట్టగలిగిన దేనినైనా తగ్గించవచ్చు. తగ్గించగలిగిన దేనికైనా గడువు విధించవచ్చు,” అన్నారు.

చప్పట్లు కొట్టాం. నేను కాస్త ఎక్కువసేపు కొట్టాను. నిజంగానే మంచి మాటనిపించింది.

ఆ వారమే పక్కవీధి ఆరోగ్యకేంద్రం నుంచి డాక్టర్ సుహాసిని గారు వచ్చి అందరికీ పరీక్షలు చేశారు. వయసు, బీపీ, షుగరు, కొవ్వు, పొగ అలవాటు అన్నీ కంప్యూటరులో వేస్తే ఒక శాతం వస్తుంది. అందరికంటే ఎక్కువ పైడయ్య గారికొచ్చింది. ముప్పై రెండు.

పైడయ్య గారు మా రికార్డు అసిస్టెంటు. వయసు యాభై తొమ్మిది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలుకి ట్యాగు ఎలా కట్టాలో, నోటు ఎక్కడ మొదలుపెట్టాలో నేర్పింది ఆయనే. కాగితాల్లో ఆయన్ని శ్రీ బి. పైడయ్య అని రాస్తాను. ఎదురుపడితే మావా అంటాను.

“చుట్ట ఎన్నాళ్ల నుంచి కాలుస్తున్నారు?” అని డాక్టరు గారడిగారు.

“పళ్లొచ్చిన కాణ్నుంచమ్మా.”

“మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?”

“మెట్లెక్కితే నేదు. కట్టలు మోసినప్పుడు ఇదిగో, ఇక్కడ ఎవులో మోకాలెట్టి నొక్కినట్టుంటాది. కూకుంటే పోతాది.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. బీపీ మాత్ర, కొవ్వు మాత్ర చేతిలో పెట్టి, చుట్ట మానెయ్యమని చెప్పి, చీటీ రాశారు. ‘ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో గుండె డాక్టరుకు చూపించాలి. బరువులు ఎత్తకూడదు.’

తర్వాత డైరెక్టరు గారితో, “సార్, ఈ నంబరు ఎవరికి వాళ్లకి చెప్పి జాగ్రత్త పెట్టడానికే. పైగా ఈ లెక్కలు వేరే దేశాల వాళ్ల మీద కట్టినవి. మనవాళ్లకి తక్కువ చూపించొచ్చు. ఆడవాళ్లకి ఇంకానూ. తక్కువొచ్చిందని ధీమా పడకూడదు,” అన్నారు.

డైరెక్టరు గారు డైరీలో ‘మనవాళ్లకు తక్కువ’ అని రాసుకుని కింద గీత గీశారు.

“ఇంకోటి సార్. ఇది నలభై దాటినవాళ్లకే. ఈ తవిటినాయుడికి వెయ్యకూడదు. ఇరవై ఆరేళ్లే.”

“మినహాయింపులిస్తే సగటుకు పవిత్రత ఉండదు డాక్టరు గారూ,” అన్నారు డైరెక్టరు గారు. నాకు అర శాతం వచ్చింది. ఆయన తన శాతం మాత్రం గోప్యం అన్నారు. పరీక్షే చేయించుకోలేదు కాబట్టి, అది నిజంగానే ఎవరికీ తెలియలేదు.

మా ఉద్యోగుల వైద్య పథకంలో పెద్దాసుపత్రికి వెళ్లాలంటే సెక్షన్ సూపరింటెండెంటు సిఫారసు ఉత్తరం కావాలి. నమూనా నా దగ్గరే ఉంటుంది. పేరూ తేదీ నింపితే చాలు. నింపి, పైడయ్య గారి సెక్షన్ పెద్ద భుజంగరావు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనది నమూనాల సెక్షన్. అప్పటికే ఆయన చేతిలో డైరెక్టరు గారి కొత్త సర్క్యులర్ ఉంది.

‘ప్రతి సెక్షన్ తన సగటు హృదయ ముప్పును పది శాతమునకు లోపుగా ఉంచుకొనవలెను. నెలలో ఆఖరి పనిదినమున సాయంత్రం ఐదు గంటలకు సెక్షన్ రిజిస్టరులో ఉన్న సిబ్బందిని ప్రాతిపదికగా గైకొనబడును. పది దాటిన సెక్షన్ ఎర్ర సెక్షన్‌గా ప్రకటింపబడి, అందలి వారందరి శాతములు, హోదాతో నిమిత్తము లేక, నోటీసు బోర్డునందు ప్రదర్శింపబడును.’

భుజంగరావు గారు ఉత్తరం చూసి, కలం మూత మళ్లీ పెట్టేశారు.

“దీని మీద సంతకం పెడితే ఏమవుద్దో తెలుసా? నా సెక్షన్‌లో గుండెజబ్బు మనిషున్నాడని నా చేత్తో నేను రాసిచ్చినట్టు.”

“ఉన్నాడు కద్సార్.”

“ఉండటం వేరు, రికార్డులో ఉండటం వేరు. డిగ్రీ చదివావు, ఆ మాత్రం తెలీదా?” అని కాలిక్యులేటరు ముందుకు లాక్కున్నారు. “పైడయ్యతో నా సగటు పదమూడున్నర. నువ్వు నా సెక్షన్‌కి వచ్చేశావనుకో, పదకొండుకి దిగుద్ది. ఇంకా చాలదు. నీలాంటివాడు ఇంకొకడుంటే తొమ్మిదికొచ్చేద్దును. నీకు తమ్ముడున్నాడా?”

“పాలిటెక్నిక్ చదువుతున్నాడండి.”

“త్వరగా కానిమ్మను.”

నా జీవితంలో నన్నెవరైనా కావాలని అడగడం అదే మొదటిసారి. ఉత్తరం మాత్రం సంతకం లేకుండానే నా సీటుకి తిరిగొచ్చింది.

ఆ నెల ముప్పయ్యో తారీఖు పొద్దున్నే పైడయ్య గారిని ఫిర్యాదుల సెక్షన్‌కి బదిలీ చేయాలని భుజంగరావు గారు ప్రతిపాదించారు. డైరెక్టరు గారు ఆమోదించారు. ఉత్తర్వు నేనే టైపు చేశాను. సాయంత్రం ఐదింటికి ఫిర్యాదుల సెక్షన్ ఎర్రసెక్షన్ అయింది. ఆ సెక్షన్ సూపరింటెండెంటు ఇందుమతి మేడం శాతం ఆరు. ఆ ఆరూ నోటీసు బోర్డు మీద ఆవిడ వయసు పక్కనే కనిపించింది. ఆవిడ కోపం శాతం గురించి కాదు.

మేడం చదువరి. నాలుగు రోజులు బీరువాలో పాత నిబంధనల పుస్తకాలు తిరగేసి ఒకటి పట్టుకున్నారు. బదిలీ అయిన ఉద్యోగికి సామాను సర్దుకుని కొత్తచోటికి చేరడానికి ఒక పనిదినం జాయినింగ్ టైము ఇవ్వాలి. ఎడ్లబళ్ల కాలంలో రాసిన నిబంధన అయినా దాన్నెవరూ రద్దు చేయలేదు. నమూనాల సెక్షన్‌కీ ఫిర్యాదుల సెక్షన్‌కీ మధ్య పదిహేడు అడుగులు.

“తవిటినాయుడూ, ఆఖరి రోజుకి ముందురోజు సాయంత్రం ఇక్కణ్ణుంచి రిలీవ్ చేద్దాం. ఒకటో తారీఖు ఉదయం అక్కడ జాయినవుతాడు. మధ్యలో ఆఖరి రోజు?”

“జాయినింగ్ టైము మేడం.”

“ఆ రోజు ఆయన ఏ సెక్షన్?”

నేను నిబంధన రెండుసార్లు చదివాను. “ఏ సెక్షనూ కాదు మేడం.”

“అదీ,” అని మేడం భుజంగరావు గారిని పిలిచారు. పదకొండు నెలలుగా మాట్లాడుకోని ఆ ఇద్దరూ ఆ రోజు ఒకే ఫ్లాస్కులో టీ తాగారు.

అప్పట్నుంచి పైడయ్య గారు ఒక నెల అటూ ఒక నెల ఇటూ. ప్రతినెలా ఆఖరి పనిదినం మాత్రం వరండాలో మంచినీళ్ల డ్రమ్ము పక్కన బెంచీ మీద.

దీన్లో ఒక చిక్కుంది. ప్రమాణాల నమూనా సంచులు రికార్డు అసిస్టెంటు స్వాధీనంలో ఉంటాయి. ఆయన ఎక్కడికి పోతే అవీ అక్కడికి పోవాలి. మొత్తం పన్నెండు వందల యాభై సంచులు, పాతిక చొప్పున యాభై కట్టలు. ప్రతినెలా లెక్కపెట్టి, మోసి, అటు పేర్చి, సంతకం చేయాలి. బరువులెత్తొద్దని డాక్టరు రాసిన చీటీని పైన పెట్టి, వేరేవాళ్ల చేత మోయించడానికి అనుమతి కోరుతూ నోటు పెట్టాను. ‘స్వాధీనము అవిభాజ్యము’ అని జవాబొచ్చింది.

కాబట్టి కట్ట నేనెత్తుకుని నడిచేవాణ్ణి. పైడయ్య గారు దాని మీద ఒక చెయ్యి వేసి పక్కన నడిచేవారు. స్వాధీనం ఆయనదే.

“మా ఇంటిది అడిగింది బావూ, నెలకోపాలి బదిలీ అంటన్నావు, ఏ ఊరేటి అని,” అన్నారాయన ఒకసారి. “అటేపు కిటికీకాడి నుంచి ఇటేపు కిటికీకాడికి అన్నాను. ఎక్కడా తగవాడీనావేటి అని తిట్టింది.”

“మరి పెద్దాసుపత్రికి మనమే ఎలిపోదాం మావా. కాగితం తర్వాత చూసుకుందాం.”

“కాగితం లేకండా ఎలితే లోనికి రానీరు బావూ. మొన్న ఎల్లేను. ఆఫీసు ఉత్తరం తెచ్చుకో తాతా అన్నారు.” కట్ట మీద చెయ్యి తీసి చొక్కా గుండీల మధ్య రుద్దుకున్నారు. “గేసేలే. చుట్ట మానేసినాను కదా. కడుపలిగింది.”

నేను ప్రతినెలా ఒకటో తారీఖు ఉత్తరం కొత్త సెక్షన్ పేరుతో మార్చి తీసుకెళ్లేవాణ్ణి. కొత్తగా వచ్చినవాడికి వెంటనే ఉత్తరమిస్తే బాగుండదనేవారు. నెల మధ్యలో తీసుకెళ్తే, ఎలాగూ ఇంకో పదిహేను రోజుల్లో పోయేవాడికి ఎందుకనేవారు. రెండు మాటల్లోనూ తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. అదే నన్ను బాధించింది.

మొత్తమ్మీద ఆఫీసు సగటు నాలుగు నెలల్లో తొమ్మిది నుంచి ఆరుకి దిగింది. మందు మార్చలేదు, మనిషి మారలేదు, ఎవరూ ఒక్క అడుగు ఎక్కువ నడవలేదు, పైడయ్య గారు తప్ప. డైరెక్టరు గారు ముఖ్య కార్యాలయానికి నివేదిక పంపారు. ‘పరిపాలనా చర్యల ద్వారా మాత్రమే హృదయ ముప్పును మూడో వంతు నిర్మూలించిన తొలి కార్యాలయము’ అని అందులో ఉంది. ముఖ్య కార్యాలయం వారు ఎంతో సంతోషించి ఈ పద్ధతిని రాష్ట్రంలోని అన్ని సంచుల కార్యాలయాలకూ వర్తింపజేశారు. అక్కడ సెక్షన్ల సగటుతో పాటు ఆఫీసుల సగటు కూడా చూస్తారట. మాకు ‘హృదయారోగ్య ఆదర్శ కార్యాలయం’ ఫలకం ఇవ్వడానికి పరిశీలక బృందం వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. వాళ్లొచ్చే రోజు ఆ నెల ఆఖరి పనిదినం.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకి మంచినీళ్ల కోసం వరండాలోకొచ్చాను. పైడయ్య గారు బెంచీ మీద ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికంటుకుంది.

“మావా! ఏటయింది?”

“దవడ లాగేస్తంది బావూ. సెయ్యి కూడా. సోడా తాగితే తగ్గిపోతాది. ఒక సోడా…” అన్నారు గానీ మాట పూర్తి కాలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పది నిమిషాల్లో వచ్చి తీసుకెళ్లింది. ఆయన భార్యకి కబురు చేశాను. అరగంటకి పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

“పైడయ్య గారి ఆఫీసా? ఇంజెక్షన్లు ఇచ్చాం. గుండె రక్తనాళం మూసుకుపోయిందండీ. గంటలోపు తెరవాలి. మీ పథకం కింద సిఫారసు ఉత్తరం కావాలి, పై అధికారి సంతకంతో. ఫోటో తీసి పంపినా చాలు. త్వరగా. గడిచే ప్రతి నిమిషం గుండె కండకి నష్టం.”

ఉత్తరం సిద్ధంగానే ఉంది. పరుగెత్తాను.

భుజంగరావు గారు నమూనా సంచుల ముందు తోరణం కట్టిస్తున్నారు. విని, నిజంగానే కుర్చీలో కూలబడ్డారు.

“అయ్యో పాపం! ఇరవై ఏళ్లుగా ఎరుగుదునయ్యా వాణ్ణి.” కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని రిజిస్టరు తెరిచారు. “కానీ చూడు, నిన్న సాయంత్రం రిలీవ్ చేశాను. నా సెక్షన్‌లో లేని మనిషికి నేనెలా ఇస్తాను? రేపు ఆడిట్‌లో అడగరూ?”

ఇందుమతి మేడం దగ్గరికి వెళ్లాను.

“రేపు ఉదయం గానీ నా దగ్గర జాయినవడు కదా నాయుడూ.”

“గంటే టైముంది మేడం.”

“నాకు మాత్రం లేదా బాధ?” అని ఆవిడ భుజంగరావు గారి గదిలోకే వచ్చారు. “భుజంగరావు గారూ, నొప్పి నిన్న ఐదింటికి ముందే మొదలైందేమో. అలాగైతే కేసు మీదే.”

“ముందే ఉందని ఎవరైనా రాసిచ్చారా?”

“చెప్పుకుంటూనే ఉన్నాడుగా పాపం, నెలలుగా.”

“నోటిమాట మేడం. అలా చూస్తే మొన్న మీ సెక్షన్‌లోనూ చెప్పాడు.”

“పోనీ, ముఖ్య కార్యాలయానికి రాసి స్పష్టత అడుగుదామా?”

“అర్జంటు అని పైన రాద్దాం,” అన్నారు భుజంగరావు గారు. నిజాయితీగానే అన్నారు. ఇద్దరూ కలిసి ఎర్ర సిరా కోసం వెతకడం మొదలుపెట్టారు.

గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. పన్నెండుకి డైరెక్టరు గారి సంతకాల ఫోల్డరు లోపలికి వెళ్తుంది. దాన్ని సర్దేది నేనే. మా ఆఫీసులో ఒక అలవాటుంది. సంతకం పెట్టాల్సిన చోట పసుపు చీటీ అంటిస్తాం. డైరెక్టరు గారు చీటీలు చూసి సంతకాలు పెట్టుకుంటూ పోతారు. చదవడం మా మీద అపనమ్మకం చూపినట్టవుతుందని ఆయన భావన.

నా సీటుకొచ్చి టైపు చేశాను. దొంగరాత ఒక్క ముక్క కూడా లేదు. మొదటి కాగితం నోటు: ‘శ్రీ బి. పైడయ్యకు ఈ ఉదయం 11 గంటలకు గుండెపోటు వచ్చింది. జాయినింగ్ టైములో ఉన్నందున ఏ సెక్షనూ ఉత్తరం ఇవ్వలేకపోతోంది. గంటలోపు ఇవ్వకపోతే ఆయన చనిపోవచ్చు. కావున ఈ ఉదయం నుంచే ఆయనను డైరెక్టరు గారి పేషీకి నియమించి, సిఫారసు ఉత్తరంపై సంతకం చేయవలసిందిగా ప్రార్థన.’ రెండోది నియామకపు ఉత్తర్వు. మూడోది ఉత్తరం. అక్షరాలు కూడా పెద్దవి చేశాను, చదివితే ఆపడానికి వీలుగా. మూడింటికీ పసుపు చీటీలంటించి, సెలవు మంజూరుకీ ఫలకం మీద చెక్కించాల్సిన వాక్యాలకీ మధ్య పెట్టాను.

డైరెక్టరు గారు స్వాగతోపన్యాసం అద్దంలో చూసుకుని చెప్పుకుంటున్నారు. “హృదయము లేని… కాదు, హృదయ ముప్పు లేని కార్యాలయము…” అంటూనే కుడిచేత్తో సంతకాలు పెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఫలకం వాక్యాల దగ్గర మాత్రం ఆగి, మొదటినుంచి చివరిదాకా చదివి, తన పేరు ముందు ‘శ్రీ’ బదులు ‘గౌరవనీయ’ అని దిద్దారు.

ఉత్తరం ఫోటో తీసి పంపేసరికి పన్నెండు దాటి నాలుగు నిమిషాలు.

మధ్యాహ్నం మూడింటికి పరిశీలక బృందం వచ్చింది. పూలగుత్తులయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. నాలుగున్నరకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నాళం తెరిచారట, రెండు స్టెంట్లు వేశారట, మనిషి కళ్లు తెరిచాడట.

ఐదింటికి సగట్లు చదివే బాధ్యత నాది. బృందం పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు. డాక్టర్ సుహాసిని గారు బీపీ మిషనుతో ముందు వరసలో ఉన్నారు.

“నమూనాల సెక్షన్, ఏడు. ఫిర్యాదుల సెక్షన్, ఏడు. ఎస్టాబ్లిష్‌మెంట్, అర శాతం.” చప్పట్లు. “డైరెక్టరు గారి పేషీ…” నేను రిజిస్టరు మరోసారి చూశాను. “స్టెనో గారు నాలుగు, పైడయ్య గారు ముప్పై రెండు. సగటు పద్దెనిమిది. ఎర్ర సెక్షన్.”



“పైడయ్య నా పేషీలో ఏమిటయ్యా?” అన్నారు డైరెక్టరు గారు.

“ఈ ఉదయం నుంచి సార్. మీ ఉత్తర్వు.” చూపించాను. ఆయన తన సంతకం వైపు చాలాసేపు చూశారు. చదవకుండా పెట్టాను అనడానికి నోరు తెరిచి, బృందం పెద్దాయన్ని చూసి మూసుకున్నారు.

పెద్దాయన మాత్రం పరవశించిపోయారు. “ఆఫీసులోకెల్లా ప్రమాదంలో ఉన్న మనిషిని స్వయంగా తన పేషీలోకి తీసుకోవడం! ఇదండీ నాయకత్వం! అయితే, ఎర్ర సెక్షన్‌లో అందరి శాతాలూ బోర్డు మీద పెట్టాలి కదా, హోదాతో నిమిత్తం లేకుండా. మీ సర్క్యులరే. మీ శాతమెంత?”

ముప్పై ఆరు. డాక్టరు గారు అక్కడికక్కడే పరీక్ష చేసి కట్టిన లెక్క అది; బీపీ మూడుసార్లు చూశారు. మూడోసారి ఇంకాస్త పెరిగింది.

“సార్, మీరూ పెద్దాసుపత్రికి వెళ్లాలి. వారంలోపు. వాయిదా వెయ్యకండి.”

“తప్పకుండా. ఉత్తరం…” అని డైరెక్టరు గారు ఆగారు. డైరెక్టరుకి సిఫారసు ఉత్తరం ఇవ్వాల్సింది ముఖ్య కార్యాలయం.

నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ‘పేషీలో ముప్పును ప్రవేశపెట్టిన కారణము తెలుపుము.’ నోటు, ఉత్తర్వు, ఉత్తరం నకళ్లు జతచేసి, ‘పై మూడింటి మీద తమ సంతకములు కలవు’ అని జవాబిచ్చాను. ఆ ఫైలు మళ్లీ రాలేదు.

పైడయ్య గారు ఆరు వారాల తర్వాత డ్యూటీలో చేరారు. డాక్టరు గారొచ్చి చూసి, “ఈ లెక్క గుండెపోటు రానివాళ్లకే. ఈయనకి వచ్చేసింది కదా, ఇంక వర్తించదు. మందులు మాత్రం ఒక్కరోజు కూడా మానకూడదు,” అన్నారు. నేను రిజిస్టరులో ‘వర్తించదు’ అని రాశాను. కంప్యూటరు దాన్ని సున్నాగా తీసుకుంది.

ఆఫీసులో అందరికంటే తక్కువ శాతం ఇప్పుడు పైడయ్య గారిది.

“ఏవయ్యా పైడయ్యా, మన సెక్షన్‌కి వచ్చెయ్. కిటికీ పక్క సీటు, ఫ్యాను కింద,” అని భుజంగరావు గారు. “కట్టలు నేను మోయిస్తాను,” అని ఇందుమతి మేడం. స్వాధీనం విభాజ్యమేనని ఆవిడ ఇంకో నిబంధన కూడా పట్టుకొచ్చారు. అటెండరు ఒకాయన నా దగ్గరికొచ్చి, గుండెపోటు ఒక మాదిరిది వస్తే ఎన్నాళ్లు సెలవిస్తారని నెమ్మదిగా అడిగి వెళ్లాడు.

“నానెక్కడికీ రాను బావూ,” అన్నారు పైడయ్య గారు నాతో. “పేషీలోనే ఉంటాను. మజ్జానం ఆ బెంచీ మీద గాలి బాగుంటాది.”

ఆ నెలాఖరుకి ముఖ్య కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రాంతీయ కార్యాలయాల సగటు ఎనిమిది దాటకూడదు. మా పేషీ వల్ల మా ఆఫీసు దాటుతోంది. కావున శ్రీ చక్రధరరావు గారిని వేరే ప్రాంతానికి బదిలీ చేశారు. ఆఖరి పనిదినానికి ముందురోజు సాయంత్రం రిలీవింగ్, ఒకటో తారీఖు ఉదయం జాయినింగ్. కొత్త డైరెక్టరు గారు ఆఖరి పనిదినాన పొద్దున్నే వచ్చి చేరారు. నలభై దాటని మనిషి, శాతం ఒకటి.

ఆ రోజు పదకొండింటికి వరండాలోకి వెళ్తే చక్రధరరావు గారు బెంచీ పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో సదస్సులో ఇచ్చిన జనపనార సంచి. పెద్దాసుపత్రికి వెళ్లలేదు. ఉత్తరం ఇవ్వమని ముఖ్య కార్యాలయానికి రాస్తే, బదిలీ ప్రతిపాదనలో ఉన్నందున కొత్తచోట అడగమన్నారట.

పైడయ్య గారు కొంచెం జరిగి చోటిచ్చారు.

“కూకోండి బావూ. ఇటేపు కూకోండి, పన్నెండు దాకా ఎండ రాదు. నీళ్లు తాగుతారా?”

ఆయన కూర్చున్నారు. ఎడమ భుజం నెమ్మదిగా రుద్దుకుంటున్నారు.

“ఎప్పట్నుంచి బావూ అలాగ?” అన్నారు పైడయ్య గారు. ఆయన గొంతు మారింది.

“రాత్రి సరిగా పడుకోలేదు. గ్యాస్ అనుకుంటాను.”

పైడయ్య గారు నా వైపు చూశారు. నేను సీటుకి పరుగెత్తి ఫోను తీసి అంబులెన్సుకి చెప్పాను. తర్వాత చక్రధరరావు గారిని ఈ ఒక్కరోజుకి పేషీకే నియమించమంటూ నోటు, ఉత్తర్వు, ఉత్తరం టైపు చేశాను. ఈసారి చెయ్యి తిరిగి ఉంది, ఐదు నిమిషాలే పట్టింది. అలవాటు కొద్దీ మూడు పసుపు చీటీలంటించి ఫోల్డరు లోపల పెట్టి వచ్చాను.

కొత్త డైరెక్టరు గారు చాలా మంచివారు. పొద్దున చేరిన వెంటనే సిబ్బందినందరినీ పిలిచి, చదవకుండా సంతకం పెట్టే దురలవాటు ఈ కార్యాలయంలో ఇకపై ఉండదని చెప్పారు. పసుపు చీటీలు కూడా వద్దన్నారు. ప్రతి కాగితానికీ పాత ఫైలు తెప్పించుకుని, నిబంధన చూసుకుని, అనుమానముంటే మార్జిన్‌లో ప్రశ్న రాసి గానీ ముందుకు పోరు.

అంబులెన్సు గేటు తిరిగింది. పైడయ్య గారు చక్రధరరావు గారి చెయ్యి పట్టుకుని లేవదీశారు. ఎక్కించేముందు ఆయన నా వైపు తిరిగారు.

“తవిటినాయుడూ, ఉత్తరం లోపలికి వెళ్లిందా?”

“వెళ్లింది సార్.”

“సంతకం?”

నేను కిటికీలోంచి చూశాను. కొత్త డైరెక్టరు గారు మొదటి పేజీ పట్టుకుని, పక్కనే ఎడ్లబళ్ల కాలం నాటి నిబంధనల పుస్తకం తెరుచుకుని, ఒక్కొక్క వాక్యం కింద వేలు పెట్టుకుంటూ వెళ్తున్నారు.

“చదువుతున్నారు సార్.”